మూరెడు పరిమళం

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 34 ఏళ్ళు. విజయవాడ పటమటలో ఉంటాను, గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. మా తమ్ముడు విదేశం నుంచి వస్తూ నాకొక సెంటు సీసా తెచ్చాడు. ఖరీదైనదే. కానీ అది రాసుకున్న రోజున పక్క కౌంటర్‌లో కూర్చునే అక్కయ్యకు తలనొప్పి వస్తోంది. మొన్న బస్సులో నా పక్కాయన లేచి వేరే సీటుకు వెళ్ళిపోయారు. నాకేమో చెమట వాసన అంటే భయం. పూల వాసనలో కొంచెం పండు వాసన కలిసినట్టుండే మెత్తని సెంటు ఒకటి కావాలి. రోజూ వాడుకోవాలి, ఎవరూ తిరిగి చూడకూడదు. ఎలా ఎంచుకోవాలి, ఎంత రాసుకోవాలి? ‘ఉద్యోగానికి వెళ్ళే మనిషికి సెంటు దేనికి’ అని మా అత్తగారు అంటున్నారు. ఆవిడ మాటలో నిజముందా?
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట దగ్గరే మొదలుపెడతాను. ఆవిడ అడిగింది తేలిక ప్రశ్న కాదు. మనం పూలు మూరల్లో కొంటాం. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా ఒక మూర. సెంటుకు కూడా ఆ కొలతే సరైనదని నా నమ్మకం. మీకు మూరెడు దూరంలోకి వచ్చిన మనిషికి అది తెలియాలి. అంతకంటే దూరాన ఉన్నవారికి తెలియనక్కరలేదు. ఆ కొలతలో ఉంటే ఏ ఉద్యోగానికీ అడ్డు రాదు. కొలత దాటితే మీ అత్తగారి మాటే నిజం.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. గుంటూరులో ఆడపిల్లల కళాశాలలో 31 ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పాను. ఒక ఏడు మార్చిలో ఇంటర్ పరీక్షల పర్యవేక్షణకు వెళ్తూ, బంధువులు ఇచ్చిన ఘాటైన సెంటు ఒకటి మెడకూ చేతులకూ పట్టించుకుని వెళ్ళాను. కాగితాలు ఎగిరిపోతాయని గదిలో కిటికీలు మూసేశారు. నేను వరసల మధ్య తిరుగుతున్నాను. గంట గడిచేసరికి మూడో వరసలో ఒక అమ్మాయి కలం కింద పెట్టి రెండు చేతులతో తల పట్టుకుంది. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. నేను దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆ పిల్ల ముఖం పక్కకు తిప్పుకుంటుంటే అప్పటికి అర్థమైంది. ఆమె పోగొట్టుకున్న ఆ అరగంటను నేను తిరిగి ఇవ్వలేకపోయాను. నచ్చనిది ఎదురైతే కళ్ళు మూసుకోవచ్చు. ఊపిరి తీయడం ఎవరు మానగలరు? పరీక్ష రాసే పిల్ల, పక్క కౌంటర్‌లో మీ అక్కయ్య లేచి వెళ్ళలేని చోట కూర్చుని ఉన్నారు. బస్సులో ఆయనకు ఖాళీ సీటు దొరికింది, అంతే.

తమ్ముడు తెచ్చినదాన్ని పారేయకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది ఊద్, అంబర్ వంటి బరువైన దినుసులతో చేసినది కావచ్చు. మాఘమాసంలో ఆరుబయట పందిట్లో జరిగే రాత్రి పెళ్ళికి దాచుకోండి. చలిలో అవి అణిగిమణిగి ఉంటాయి. మే నెలలో వారధి మీద ఆగిపోయిన బస్సుకు అవి తగవు.

మీరు కోరుతున్న రకం పండ్లూ పూలూ కలిసిన కుటుంబం. రాసుకున్న వెంటనే పండు పలకరిస్తుంది. బేరికాయ, ఆపిల్, పీచ్, లిచీ, స్ట్రాబెర్రీ, ఏదో ఒకటి. పావుగంటలో అది వెనక్కి తగ్గి పూలు ముందుకొస్తాయి. ఎక్కువగా జాజి, గులాబీ, లేదా మరేదైనా తెల్లపూవు. సాయంత్రానికి మిగిలేది కస్తూరి వాసన. కస్తూరి అంటే జింక గుర్తుకొస్తుంది గాని, ఇప్పుడు వాడేది దాదాపు అంతా ప్రయోగశాలలో తయారైనదే. ఉతికి ఎండలో ఆరేసిన నూలు బట్టను ముఖానికి ఆనించుకున్నట్టుంటుంది. మీరు ‘మెత్తని’ అన్నారు చూడండి, ఆ మెత్తదనం చాలావరకు ఈ అడుగు పొర నుంచే వస్తుంది.

పండు, పూవు ఒకదానికొకటి పరాయివి కావు. నాకు ఈ కుటుంబం మీద ప్రేమ కలగడానికి కారణమే అది. జాజిపూల పరిమళంలో ప్రధానమైన బెంజైల్ ఎసిటేట్‌ను విడిగా వాసన చూస్తే పూవు కంటే ముందు పండు గుర్తొస్తుంది. లిచీ ఒలిచినప్పుడు గులాబీ తగులుతుంది కదా, దానికి కారణం రోజ్ ఆక్సైడ్. అది రెండింటిలోనూ ఉంది. మల్లెల్లో ఉండే లినలూల్, మీ వంటింట్లో ధనియాలు నలిపినప్పుడు వచ్చే వాసనలో ముఖ్యభాగం. మన సంపెంగనే తీసుకోండి. కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే అది పూవో మాగిన పండో ఒక్క క్షణం తేల్చుకోలేం. మంచి సెంటులో పండు పూవులోకి అలాగే కలిసిపోవాలి. రెండూ వేర్వేరుగా అరుస్తుంటే పని పైపైన జరిగిందని అర్థం.

ఎంచుకునేటప్పుడు ఒకదానికి దూరంగా ఉండండి. పీచుమిఠాయి వాసన వేసే పదార్థం ఒకటుంది, ఈథైల్ మాల్టాల్ అంటారు. 1992లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఏంజెల్ అనే సెంటు ఆ తీపికి పెద్ద పేరు తెచ్చింది. ఆ తరవాత ఎన్నో పండ్ల సెంట్లలో అది వచ్చి చేరింది. చలి దేశాల్లో బాగుంటుందేమో. రోహిణి కార్తెలో మన ఎండకు, మన చెమటకు ఆ తీపి కాగి పాకంలా మారుతుంది. పక్కవారికి తల నొప్పి పుట్టించేది చాలాసార్లు అదేనని నా అనుమానం. దుకాణంలో ‘తీపి తక్కువ, నీటి పూవులా పల్చగా ఉండాలి’ అని అడగండి. అనుభవమున్న అమ్మకందారులకు అర్థమవుతుంది.

నీటి పూవులా అన్నాను కదా, అటువంటి పల్చదనం ఇచ్చే పదార్థానికి హెడియోన్ అని పేరు. జాజి వాసనలో గాలి ఆడే భాగాన్ని విడదీసి పట్టుకున్నట్టుంటుంది. 1966లో ఓ సొవాజ్ అనే మగవారి సెంటులో ఎడ్మండ్ రుద్నిట్‌స్కా అనే సెంటు తయారీ నిపుణుడు దాన్ని వాడి చూపించిన తరవాత, ఇప్పుడు అది లేని తేలికపాటి పూల సెంటు అరుదు. ఒక పదార్థం వేల సీసాల్లో అణకువగా పని చేస్తూ తన పేరు ఎవరికీ తెలియకుండా ఉండిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

రకాన్ని గుర్తుపట్టడానికి రెండు పేర్లు చెబుతాను. 2007లో వచ్చిన మార్క్ జేకబ్స్ వారి డెయిజీలో స్ట్రాబెర్రీ, జాజి, గార్డీనియా ఉంటాయి. 2010లో వచ్చిన షనెల్ వారి ఛాన్స్ ఓ తాందర్‌లో పంపరపనసను పోలిన పుల్లని గ్రేప్‌ఫ్రూట్, బేరికాయకు చుట్టమైన క్విన్స్ అనే పండు, వాటి వెనక జాజి, హయసింత్ పూలు ఉంటాయి. రెండూ ఖరీదైనవే, కొనమని చెప్పడం లేదు. దుకాణంలో వాసన చూసి గుర్తు పెట్టుకోండి. తక్కువ ధరలో మన దేశంలో తయారైన సీసాల్లో ఆ పోలిక ఉన్నది ఎక్కడుందో మీ ముక్కే వెతికి పెడుతుంది. ఫుట్‌పాత్ మీద ‘ఫస్ట్ కాపీ’ అంటూ ఇవే పేర్లతో అమ్మే సీసాలు మాత్రం ముట్టుకోవద్దు. లోపల ఏముందో తెలియనిదాన్ని ఒంటికి రాసుకోకూడదు.

పెట్టె మీద ఇ.డి.టి. (ఓ ద తువాలెత్) అని ఉంటే పరిమళ తైలం సాధారణంగా 5 నుంచి 15 శాతం, ఇ.డి.పి. (ఓ ద పర్ఫ్యూమ్) అని ఉంటే 15 నుంచి 20 శాతం. మిగిలినది ఆల్కహాలు, కొంచెం నీరు. మీకు మొదటిది చాలు. ఎక్కువసేపు నిలవడమే గొప్ప అని అమ్మేవాళ్ళు చెబుతారు. బ్యాంకు పనికి నాలుగైదు గంటలు నిలిస్తే నా లెక్కలో అది నిండు ఆయుష్షే.

దుకాణంలో అప్పటికప్పుడు కొనకండి. బీసెంట్ రోడ్డుకో బందరు రోడ్డుకో మీరు ఏదో ఒక శనివారం వెళ్తూనే ఉంటారు. ఆ రోజు ఒంటికి ఏ వాసనా లేకుండా వెళ్ళండి. ముందు కాగితపు పట్టీల మీద మూడు రకాలు చూడండి. మూడు దాటితే ముక్కు అలసిపోతుంది. నచ్చినదాన్ని ఒక్కదాన్నే మోచేతి మడత దగ్గర ఒకసారి చిమ్మించుకుని బయటికి వచ్చేయండి. మొదటి అయిదు నిమిషాలు చూపించేది అంగడి ముఖం. అందమంతా పైనే పేర్చి పెట్టి ఉంటారు. ఎండలో నడవండి, చెమట పట్టనివ్వండి, భోజనం చేయండి, బస్సెక్కండి. నాలుగు గంటలకు మళ్ళీ వాసన చూడండి. అప్పుడు మిగిలినదే మీరు రోజంతా మోయబోయే సెంటు. అది నచ్చితే మరుసటి వారం వెళ్ళి కొనండి. దొరికితే 10 మిల్లీలీటర్ల చిన్న సీసాతో మొదలుపెట్టండి.

కొలత: రెండు సార్లు చిమ్మితే చాలు. ఇంట్లోనే, బయలుదేరడానికి అరగంట ముందు. స్నానం చేసి ఒళ్ళు చల్లబడ్డాక, వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాసుకుని, మెడ కింద బట్ట లోపలికి వచ్చేచోట ఒకసారి. పొడి చర్మం మీద కంటే తడి ఉన్న చర్మం మీద సెంటు నిలుస్తుంది. రెండోది నూలు చీరైతే కుచ్చిళ్ళ లోపలి వైపు, చుడీదారైతే దుపట్టా అంచున. నూలు పరిమళాన్ని ఒంటి కంటే ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఒంటి వేడి లేదు కాబట్టి నెమ్మదిగా వదులుతుంది. మీరు నడిచినప్పుడు కుచ్చిళ్ళ దగ్గర నుంచి సన్నగా పైకి వస్తుంది. బస్సులోనూ కార్యాలయంలోనూ సీసా తీయకండి. చెమట వాసనకు మందు సెంటు కాదు. స్నానం, ఉతికిన రవిక, చంకలకు వాసన లేని డియోడరెంట్. చెమట మీద సెంటు చిమ్మితే రెండూ కలిసి మూడోది పుడుతుంది. ఆ మూడోదాన్ని భరించడం కష్టం. జడలో మల్లెలు ఉన్న రోజున సీసా అసలు ముట్టుకోకండి. ఆ పూలతో పోటీకి దిగి నిలిచిన సెంటును నేను చూడలేదు.

ఇక మీ అక్కయ్య. కొనేముందు ఆమెను అడగండి. ఒక నూలు రుమాలుకు ఒక్కసారి చిమ్మి, దుకాణం నుంచి తెచ్చి, మీ బల్ల మీద అరగంట ఉంచుతానని ముందే చెప్పి ఉంచండి. తలనొప్పి రాకపోతే సరే. వస్తే, ఉబ్బసం ఉన్న మనిషైతే మరీ, పనిరోజుల్లో మానేసి ఆదివారానికి పెట్టుకోండి. మీరిద్దరూ రోజుకు ఎనిమిది గంటలు ఒకే గాలి పీలుస్తున్నారు.

ప్రశ్న: అమ్మా, మాది నూజివీడు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. చిన్న రసాలు మాగేసిన రోజుల్లో ఇల్లంతా గుమగుమలాడుతుంది. మా అమ్మాయి కొన్న సెంటు పెట్టె మీద మామిడిపండు బొమ్మ ఉంది. నిజంగా పండు పిండి తీస్తారా? తీసేటట్టయితే మా కాయను ఆ కంపెనీలకు అమ్మే దారి ఏదైనా ఉందా?
– ఒక రైతు

జవాబు: అయ్యా, లేదని చెప్పడానికి మనసొప్పడం లేదు కానీ, నిజం అదే. ఆ బొమ్మ వెనక మామిడి రసం లేదు. గులాబీని ఆవిరి పట్టి తైలం తీయవచ్చు. మల్లె, జాజి ఆవిరి వేడికి తట్టుకోవు కనుక ద్రావకంలో నానబెట్టి సారం లాగుతారు. మామిడి, పీచ్, బేరికాయ, స్ట్రాబెర్రీ వంటి పండ్లలో ఉన్నదంతా నీరు, చక్కెర. వాసన ఇచ్చే పదార్థం అణుమాత్రం. ఉడికిస్తే జామ్ వాసన వస్తుంది, పండు వాసన పోతుంది. దీనికి మినహాయింపు నిమ్మజాతి. తెనాలి నిమ్మకాయ తొక్కను దీపం దగ్గర మడిచి నొక్కితే చిటపటమని మెరుపులు వస్తాయి, చిన్నప్పుడు అందరం చేసి ఉంటాం. ఆ మండేది తొక్కలో సంచుల్లా దాగి ఉన్న నూనె. నిమ్మ, నారింజ, బత్తాయి తొక్కల నుంచి దాన్ని పిండి తీస్తారు. అది నిజమైన పండు నూనె.

మిగతా పండ్లన్నీ రసాయనశాస్త్రవేత్త కట్టిన బొమ్మలు. దీన్ని మోసం అనుకోవద్దు. నేను ఏటా ఇంటర్ పిల్లల చేత ఒక ప్రయోగం చేయించేదాన్ని. పొడి పరీక్షనాళికలో కాస్త ఇథైల్ ఆల్కహాలు, కాస్త ఎసిటిక్ ఆమ్లం, రెండు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడినీళ్ళలో నిలబెట్టాలి. విడిగా చూస్తే ఒకటి స్పిరిట్ కంపు, మరొకటి పులిసిన కంపు. కాసేపటికి ఆ మిశ్రమాన్ని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలోకి ఒంపితే బుసబుస పొంగి, గదంతా పండ్ల వాసన. దాన్ని ఎస్టర్ అంటారు. ఇథైల్ ఆల్కహాలు బదులు ఐసోఎమైల్ ఆల్కహాలు వేస్తే అచ్చం అరటిపండు. బల్ల చుట్టూ మూగిన ఆడపిల్లల కళ్ళు ఆ క్షణంలో ఎలా పెద్దవయ్యేవో నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. పాఠం మరిచిపోయినవాళ్ళు కూడా ఏళ్ళ తరవాత బ్రాడీపేట సందుల్లో ఎదురై ఆ అరటిపండు సంగతే చెబుతారు.

మీ రసాల మామిడిలో వెన్నలాంటి తీపి ఒకటి ఉంటుంది. దాన్ని ఇచ్చేవాటిలో లాక్టోన్లు అనే పదార్థాలు ఉన్నాయి. పీచ్ పండులోనూ అవే. 1919లో గెర్లాన్ సంస్థ మిత్సుకో అనే సెంటు చేసినప్పుడు అందులో పీచ్ వాసన కోసం వాడినది గామా అన్‌డెకాలాక్టోన్ అనే ఒక లాక్టోన్. వ్యాపారంలో దాన్ని ఆల్డిహైడ్ సి-14 అని పిలిచేవారు, ఇప్పటికీ పిలుస్తారు. అది ఆల్డిహైడ్ కాదు, అందులో కార్బన్లు 14 కాదు, 11. పేరు తప్పైనా, పండ్ల సెంట్లకు దారి వేసినవాటిలో అది ముందు వరసలో ఉంది.

అమ్మకం సంగతి అడిగారు కనుక ఒక మాట. సారం తీసేందుకు కర్మాగారాలు కొనేది పండును కాదు, పూవును. మల్లె, జాజి సారం తీసే కర్మాగారాలు తమిళనాడులో ఉన్నాయి. తోట గట్ల మీద మల్లె వేసే ఆలోచన ఉంటే ముందు మీ ఉద్యాన శాఖ అధికారిని కలిసి, కోత కూలీ, రవాణా లెక్క చూసుకోండి. పూవు కోసిన రోజే చేరాలి. నూజివీడు నుంచి అంత దూరం చేరదనే నా అనుమానం. మీ రసాలు తినేవాళ్ళకే అమ్మండి.

ప్రశ్న: ఉదయం ఎనిమిదింటికి సెంటు చిమ్ముకుంటే పదింటికే వాసన ఉండటం లేదు. నకిలీ అంటగట్టారా? అనుమానంతో మధ్యాహ్నం మళ్ళీ నాలుగు సార్లు చిమ్ముకుంటున్నాను.
– ఒక యువకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బాబూ, ఆ మధ్యాహ్నపు నాలుగూ మానెయ్యి. వాసన పోలేదు, నీ ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేసింది. పొద్దున్నుంచి మల్లెల బుట్ట ముందు కూర్చున్న పూలమ్మిని అడిగి చూడు, తనకు వాసన ఏమీ రావడం లేదని చెబుతుంది. ఎడతెగకుండా వచ్చే వాసనను మెదడు పక్కన పెట్టి, కొత్తగా వచ్చేదాని కోసం కాచుకుని ఉంటుంది. పైగా కొన్ని రకాల కస్తూరి వాసన కొందరి ముక్కుకు పుట్టుకతోనే అందదు. నువ్వు కొన్న సెంటు అడుగు పొర అలాంటిదైతే, నీకు తప్ప అందరికీ తెలుస్తూ ఉంటుంది. పదకొండు గంటలకు నిజం చెప్పే స్నేహితుడిని ఒకణ్ణి మూరెడు దూరంలో నిలబెట్టి అడుగు. ‘ఉంది’ అంటే అంతటితో ఆగు.

ఇంకొకటి. నీ ఉత్తరంలో సీసాను స్కూటర్ డిక్కీలో ఉంచుతానని రాశావు. అది నిజంగానే పాడవుతుంది. ఎండలో ఆ డిక్కీ పొయ్యి. వేడికి ముందు చెడేవి పైపొర పండ్లు, నిమ్మజాతి వాసనలు. పుల్లగా, వార్నిష్‌లా మారిన సీసాను ఇక ఒంటికి రాసుకోకు. బీరువాలో, పెట్టెతో సహా, చీకట్లో ఉంచాలి. దేవుడి దీపం దగ్గర, పొయ్యి దగ్గర చిమ్ముకోకూడదు. అందులో ఎక్కువ భాగం మండే ఆల్కహాలు.

ప్రశ్న: మేము ఆల్కహాలు ఉన్న సెంటు వాడము. అత్తరులో ఇలాంటి మెత్తని పూల వాసన దొరుకుతుందా? పట్టుచీర మీద రాసుకోవచ్చా?
– ఒక గృహిణి, లాలాపేట, గుంటూరు

జవాబు: దొరుకుతుందమ్మా, పండు తప్ప. పాత పద్ధతి అత్తరులో పండుకు చోటు లేదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగిసాలో పూలు, నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద పిడకలు, కట్టెలతో మంట పెడతారు. వెదురు గొట్టం గుండా వచ్చిన ఆవిరి చందన తైలం ఉన్న మరో పాత్రలోకి దిగుతుంది. పూవు ప్రాణం చందనంలో కలుస్తుంది. అందుకే మంచి గులాబీ అత్తరులో పూవు తరవాత గంధం వాసన నెమ్మదిగా వస్తుంది. మీకు గులాబీ, లేదా వేసవికి వట్టివేరు. వట్టివేరు అత్తరును అంగట్లో ఖస్ అంటారు. తడికల మీద నీళ్ళు చల్లినప్పటి వాసన. మండుటెండలో దానికంటే హాయి నేను ఎరుగను.

అసలైన చందన తైలం ధర తెలిసినవారెవరూ పది, ఇరవై రూపాయల సీసాలో అది ఉంటుందని అనుకోరు. అందులో వేరే నూనె ఉంటుంది. చర్మానికి పడుతుందో లేదో మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు ఆగి చూడండి. ఎర్రబడితే వద్దు. చెవి వెనక సూది మొన అంత చాలు. పట్టుచీర మీద అత్తరైనా సెంటైనా వద్దు. అత్తరు నూనె మరక దిగదు, సెంటు పట్టు రంగునూ జరీనీ చెరుపుతుంది. ముత్యాలు, గిల్టు నగలు వేసుకునేది ఒంటికి రాసుకున్న తరవాతే.

ప్రశ్న: తల్లీ, నాకు 68 ఏళ్ళు. మావారు పోయి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి పూలు పెట్టుకోలేదు. మనవరాలు మొదటి జీతంతో నాకు ఒక చిన్న సీసా కొన్నది. లేత జాజి, కొంచెం ఆపిల్ లాంటి వాసన. చాలా బాగుంది. పెట్టుకుంటే చుట్టుపక్కలవాళ్ళు ఏమైనా అనుకుంటారని బీరువాలో పెట్టాను. రోజూ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేస్తున్నాను.
– ఒక నాయనమ్మ, గుణదల, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మా నాన్నగారు పోయినప్పుడు మా అమ్మకు 52 ఏళ్ళు. అంతకు ముందు రోజూ సాయంత్రం ఆమె జడలో మల్లెలో సన్నజాజులో ఉండేవి. ఆ తరవాత ఎన్నడూ లేవు. కానీ ట్రంకు పెట్టెలో చీరల మధ్య మొగలి రేకులు వేయడం మాత్రం మానలేదు. ఏటా కొత్త రేకులు తెప్పించి, ఎండినవి తీసి, మడతల్లో పెట్టేది. ఆమె పక్కన కూర్చుంటే ఆ తెల్లచీర నుంచి మొగలి వాసన సన్నగా వచ్చేది. అది ఎవరికీ తప్పుగా తోచలేదు. చీర మడతకు ఇచ్చిన ఆ అనుమతి మనిషికి ఎందుకు లేదని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. ఆమె బతికి ఉండగా ఒక సీసా కొని ఇవ్వలేదన్న బాధ నాలో అలాగే ఉంది.

మీరు పెట్టుకోండి. రేపటి నుంచే. స్నానం అయ్యాక, నూలు చీర కొంగు లోపలి మూలలో ఒక్కసారి చిమ్మండి, ఒంటి మీద వద్దు. వయసుతో చర్మం పల్చబడుతుంది, ఆల్కహాలుకు మంట పుట్టవచ్చు. కొంగు మూల మీ చేతికి దగ్గర, ఎదుటివారికి దూరం. పనిలో ఉన్నప్పుడు ఎప్పుడైనా దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుంటే ముందు ఆపిల్, తరవాత జాజి తెలుస్తుంది. పొయ్యి వెలిగించే ముందు అది పూర్తిగా ఆరాలి, పది నిమిషాలు పడుతుంది. మీ మనవరాలు వచ్చిన రోజున మాత్రం కొంచెం ముందే రాసుకుని ఆమెను దగ్గర కూర్చోబెట్టుకోండి. సాయంత్రం దీపం పెట్టే వేళకు వాసన నిలిచిందో లేదో నాకు రాయండి.